రివ్యూ మీటింగ్ సరిపోదు

పిల్లల రక్షణ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను ఒకటే చెప్తాను: కేసుల గురించి మనసు విప్పి మాట్లాడుకోవడానికి అక్కడ ఎవరైనా ఉన్నారా అని చేరేముందే అడగండి. ఇలా అనుభవమున్న మనిషితో కూర్చుని కేసులు మాట్లాడుకోవడాన్నే సూపర్‌విజన్ అంటాం. జీతం సంగతి ఆ తర్వాత అడగొచ్చు.

తిరుపతిలో మా పని ఎక్కువగా రైల్వే స్టేషన్, బస్టాండ్ చుట్టూనే. జనంలో తప్పిపోయినవాళ్లు, ఇంట్లో దెబ్బలు తట్టుకోలేక రైలెక్కినవాళ్లు, కొండకు తీసుకొచ్చి వదిలేసిన బిడ్డలు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నుంచి కబురొస్తే పరుగెత్తుతాం. దొరికిన బిడ్డను ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం చెప్తోంది. అన్నం పెట్టించడం, జ్వరముందేమో చూడటం, ఊరి పేరు రాబట్టడం... ఆ హడావుడిలో మనకేమీ అనిపించదు. అనిపించేది ఇంటికెళ్లాకే.

పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులో ఒక పాప చెప్పినదంతా విని ఇంటికొస్తాం. 'ఏంటలా ఉన్నావ్?' అంటుంది అత్త. ఏం చెప్తాం? పిల్లల వివరాలు బయటపెట్టకూడదు. ఆ నియమం ఉండాల్సిందే. అందుకే ఆఫీసులోనే వినే మనిషి ఉండాలి.

నెలాఖరు రివ్యూ ఉంది కదా అంటారు. ఎన్ని కేసులొచ్చాయి, ఎన్ని రిపోర్టులు పెండింగ్ అని అడుగుతారు. అదీ కావాలి. కానీ మాలో చాలామందిది కాంట్రాక్టు ఉద్యోగం. రెన్యువల్ కాగితం మీద సంతకం పెట్టే అధికారి ముందు 'నాకు నిద్ర పట్టడం లేదు సార్' అని ఎవరంటారు?

చిత్తూరులో ఈ పనిలోనే రిటైరైన ఒక అక్క ఉంది. ఆమె దగ్గర కూర్చుంటే ఫోన్లు పక్కన పెట్టి, ఒక్క కేసు తీసుకుని మొదటినుంచీ చెప్పమంటుంది. ఒకసారి ఒక తల్లి ఏడుపు చూసి బాబును తొందరగా ఇంటికి పంపించాలని మా టీమంతా అనుకుంటోంది. 'తల్లి మాట విన్నారు, మరి పిల్లోడేమంటాడు?' అంది అక్క. మర్నాడు వాడితో మళ్లీ కూర్చున్నాం. వాడి భయం తల్లి గురించి కాదు, ఆ ఇంట్లో ఉండే ఇంకో మనిషి గురించి అని అప్పుడు తెలిసింది. బిడ్డ ఇంటి పరిస్థితుల గురించి రాసే సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్టులో అదే రాశాం. అక్క ఆ ప్రశ్న అడగకపోయుంటే? తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ. మన టెన్షన్ దించుకోవడానికే సూపర్‌విజన్ అనుకునేవాళ్లు ఈ బాబు సంగతి ఆలోచించాలి.

మరీ భారంగా ఉన్నప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. అయితే కేసులో తర్వాతి అడుగేంటో చెప్పాల్సింది ఈ పని తెలిసిన సీనియరే. అలాంటివాళ్లను రెన్యువల్‌తో సంబంధం లేకుండా ప్రతి జిల్లాలో పెట్టాలి. పద్మావతి మహిళా యూనివర్సిటీలో సోషల్ వర్క్ చెప్పే మేడమ్‌లను కూడా అడగొచ్చు.

అందాకా మేమే నెలకో ఆదివారం కలుద్దామనుకుంటున్నాం. పిల్లల పేరు, ఊరు చెప్పకూడదన్నది మొదటి షరతు. అక్క వస్తానంది. మధ్యాహ్నం డ్యూటీ ఉన్నవాళ్ల కోసం పొద్దున పదికే మొదలుపెడదామంటోంది.