ముందుగాల చెప్తే చాలు

మహబూబ్‌నగర్, బుధవారం రాత్రి

ఈ రోజు నాకు ఇంటి నుంచే పని. మా ఆయనకు పోలేపల్లిలో ఫస్ట్ షిఫ్టు. తెల్లారకముందే కంపెనీ బస్సు మెట్టుగడ్డ దగ్గరికి వస్తది కాబట్టి బట్టలూ, ఐడీ కార్డూ రాత్రే తీసిపెట్టుకుంటడు. మందుల కంపెనీలో మెషిన్ దగ్గర నిలబడేటోళ్లకు వర్క్ ఫ్రమ్ హోమ్ అన్న మాటే ఉండదు. మాత్రలు ఇంట్ల తయారుకావు గదా. ఒక్క ఇంట్లనే ఇద్దరివి రెండు తీర్ల కొలువులు.

తొమ్మిదిన్నరకు మా టీం కాల్. సరిగ్గా అదే టైముకు వంటింట్ల అత్తమ్మ జొన్నరొట్టెలు చేస్తుంటది. పీట మీద రొట్టె చరిచే చప్పుడు మా ముందరి అర్ర దాకా వినిపిస్తది. నా కాల్ మొదలైందని తెలిస్తే చరుచుడు ఆపేసి, పిండిని అరచేత్తో ఒత్తుకుంట, పీట మీద తిప్పుకుంట మెల్లగ చేస్తది. అట్ల చేసిన రొట్టె అంచు మందమైతది, పెనం మీద పొంగదు. "మీ ఆఫీసోళ్లకు ఇనపడ్తది బిడ్డా" అంటది. మ్యూట్‌ల పెట్టుకుంట అత్తమ్మా, నువ్వు మంచిగ చేసుకో అని ఎన్నిసార్లు చెప్పిన్నో! ఈ రోజు మాత్రం కాల్ అయిపోయేదాక చప్పుడు ఆగలేదు. నాకు చెప్పలేనంత సంతోషమైంది. ఇల్లు మాది, ఆఫీసు పని ఇంటికొచ్చిన చుట్టం. చుట్టం కోసం ఇంటామె తన వంటింట్ల భయపడుకుంట మసలుడు నాకు నచ్చదు.

పగటిపూట రెండింటి నుంచి మూడున్నర దాకా నేను దొరకనని టీంల అందరికీ తెలుసు, క్యాలెండర్‌ల బ్లాక్ చేసి ఉంటది. ఆ టైముల అత్తమ్మకు బీపీ, షుగర్ చూపించుకొచ్చిన. వచ్చేటప్పుడు బడి నుంచి పాపను తెచ్చుకున్న. ఆ గంటన్నర పని సాయంత్రం కూసొని చేసిన. ఎవరి పనీ ఆగలేదు, సెలవు పెట్టాల్సిన అవసరమూ పడలేదు.

పాలమూరులో పుట్టినోళ్లకు ఇది చిన్న సంగతి కాదు. మా తాత, నానమ్మ శ్రీశైలం డ్యాం పనికి పోయినప్పుడు మా నాయనను ఊర్లనే ముసలోళ్ల దగ్గర ఇడిచిపెట్టి పోయిండ్రంట. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుంటిరంటే పని ఎప్పుడు మొదలు, ఎప్పుడు తిరిగొచ్చుడు అనేది మేస్త్రీ నోటి మాటనే. 'పాలమూరు లేబర్' అని దేశమంతా పేరైతే వచ్చింది గానీ, ఆ పేరు వెనక తల్లిదండ్రులు లేకుండ పెరిగిన పిల్లలున్నరు. మా నాయన ఇప్పటికీ ఆ ముచ్చట తీస్తే మధ్యలనే లేచి బయటికి పోతడు. హైదరాబాద్ కంపెనీ జీతం తీసుకుంట, ఈ ఊర్ల నా బిడ్డకు నేనే జడేస్తున్న. దీన్ని కంపెనీ పెట్టిన భిక్షమని నేను అనుకోను. పనిచేస్తున్న, లెక్క చూపిస్తున్న.

2023లో మా మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లి దగ్గర ఐటీ టవర్ తెరిచిండ్రు. ఇంట్ల సపరేటు అర్ర, మంచి నెట్ లేనోళ్లు ఎంతమందో ఉన్నరు. హైదరాబాద్ కంపెనీలు అసొంటి చోట నాలుగు సీట్లు తీసుకొని తమవాళ్లను కూసోనిస్తే, వాళ్లు రోజూ జాతీయ రహదారి మీద జీవితం గడపాల్సిన పని ఉండదు.

పోయిన ఆదివారం రాత్రి పదింటికి మెసేజ్ వచ్చింది: రేపు అందరూ ఆఫీసుకు రావాలె. పొద్దుగాలనే ఎక్స్‌ప్రెస్ బస్సెక్కి, ఆరాంఘర్‌ల దిగి, ఇంకో బస్సు పట్టుకొని గచ్చిబౌలి చేరిన. ఆధార్ కార్డు చూపిస్తే ఆడోళ్లకు జీరో టికెట్, పైసల బాధ లేదు. బాధేందంటే, ఆ రోజు పాపకు పరీక్ష, మా ఆయనకు నైట్ డ్యూటీ. నైట్ చేసొచ్చిన మనిషి నిద్ర లేకుండనే పాపను తయారుచేసి బడిల దింపిండు. ఆఫీసుల నేను మాట్లాడిన మీటింగు ఇరవై నిమిషాలు.

నేను ఆఫీసుకు పోనన్లేదు. ఎదురుంగ కూసొని మాట్లాడితే తొందరగ తెగే పనులుంటయి, కొత్తగ చేరినోళ్లకు పక్కన మనిషి ఉండాలె. ఏ రోజు రావాల్నో వారం ముందుగాల చెప్తే ఇల్లు సర్దుకుంటది. మా ఆయన మాట గూడ అదే. ఇదివరకు నెల షిఫ్టు చార్టు నోటీసు బోర్డు మీద అంటిస్తుండె. ఇప్పుడు శనివారం సాయంత్రం ఫోన్ల వస్తది, మధ్యల మళ్ల మారుతది. "నైటైనా పర్లే, ముందుగాల చెప్తే నిద్ర అట్ల సర్దుకుంట" అంటడు. ఇంటి నుంచి పని ఆయనకు ఎట్లాగూ రాదు. ముందుగాల తెలుసుడు మాత్రం ఆయనకూ రావొచ్చు. ఈ సౌకర్యం గురించి మాట్లాడేటప్పుడు లాప్‌టాప్ ఉన్నోళ్లనే లెక్కల పట్టుకుంటే ఎట్ల?

చట్టాలు బొత్తిగ లేవా అంటే, ఉన్నయి. 2017 సవరణతోని కాన్పు సెలవు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలైంది. యాభై, అంతకన్న ఎక్కువ మంది పనిచేసే చోట పిల్లలను చూసుకునే క్రెష్ ఉండాలె. పని తీరు ఒప్పుకుంటే సెలవు తర్వాత ఇంటి నుంచి చేసుకోవచ్చని గూడ అందుల ఉంది, కాకపోతే యజమాని ఒప్పుకోవాలె. అడిగితే ఏమనుకుంటరో అని నోరు తెరవని చిన్న వయసు ఆడోళ్లను మా టీంలనే చూసిన.

2025 జులైలో మన రాష్ట్రంల వాణిజ్య సంస్థలకు రోజుకు పది గంటల దాకా పని పెట్టుకోనిచ్చిండ్రు, వారానికి 48 దాటితే ఓవర్‌టైం కట్టాలె. నాలుగు రోజులు పదేసి గంటలు, ఐదో రోజు ఎనిమిది చేస్తే 48 నిండుతయి, రెండు రోజులు ఇంటికి మిగులుతయి. అట్ల చేసుకుంటమని పనిచేసేటోళ్లు అడిగితే మంచిదే. పది గంటలు పెట్టి, ఆరో రోజు గూడ పిలిస్తే మాత్రం ఓటీ పైసలు ఆ ఆదివారం నిద్రకే సరి. ఆస్ట్రేలియాల 2024 ఆగస్టు నుంచి డ్యూటీ అయినంక వచ్చే ఫోన్లకు, జవాబియ్యకపోవుడు సబబు కానప్పుడు తప్ప, జవాబియ్యకుండ ఉండే హక్కుంది. ఫ్రాన్స్‌ల 2017 నుంచే ఇసొంటిది ఉంది. మన దగ్గర రాత్రి పదింటి మెసేజ్‌కు సరేనని బొటనవేలి బొమ్మ పెట్టకపోతే తెల్లారి అడుగుతరు.

పాప పండుకున్నంక మేనేజరుకు మెయిల్ రాసిన. ఆఫీసు రోజులేవో అంతకుముందు వారం గురువారం కల్లా చెప్పాలె, అత్యవసరమైతే ఫోన్ చేసి కారణం చెప్పాలె, సాయంత్రం ఏడు దాటినంక వచ్చే మెసేజ్‌లకు తెల్లారి జవాబిస్తే తప్పు పట్టొద్దు. నల్లగొండ, వనపర్తి నుంచి వచ్చే తోటివాళ్లకు చదివి వినిపించిన, వాళ్లు పేర్లు చేర్చమన్నరు. పంపేసిన. మా ఆయన గూడ చార్టు మళ్ల బోర్డు మీద పెట్టమని సూపర్‌వైజరును అడుగుతనన్నడు, తోటి ఆపరేటర్లను కలుపుకొని. రేపటి కాల్‌ల మేనేజరు ఈ సంగతి ఎత్తకపోతే నేనే ఎత్తుత.