నీలకంఠ రొయ్యకు చెక్క మావు

విదేశాల్లో క్రేఫిష్ పట్టడానికి ఇంటి దగ్గరే చెక్కతో చేసుకునే బోనుల నమూనాలు చూసి ముచ్చటపడిన మిత్రులు, అలాంటిది ఒకటి చేసి బందరు కాలువలో వేస్తే ఏమైనా పడుతుందా అని నన్ను అడుగుతుంటారు. క్రేఫిష్ మాత్రం పడదు. చిన్న లాబ్‌స్టర్‌లా కనిపించే ఆ మంచినీటి జీవి ఉత్తర అమెరికాలోనూ ఐరోపాలోనూ ఆస్ట్రేలియాలోనూ సహజంగా పెరుగుతుంది గానీ, మన దేశపు నదుల్లోనూ చెరువుల్లోనూ దాని జాతి ఒక్కటీ లేదు. ఆ బోనుకు తగినది మన దగ్గర నీలకంఠ రొయ్య. రెండూ రాత్రిపూట నీటి అడుగున నడుస్తూ వాసన పట్టుకుని మేత వెతుక్కుంటాయి, రెండూ బెదిరితే తోక విదిల్చి వెనక్కి దూకుతాయి, రెండూ చీకటి సందు కనబడితే దూరుతాయి. ఈ మూడు గుణాల మీదనే బోను పనిచేస్తుంది కాబట్టి, కొల్లేటి మత్స్యకారులు వెదురు బద్దలతో పెట్టెలా అల్లే మావుకూ, పాశ్చాత్యులు సన్నని చెక్క పట్టీలతో బిగించే బోనుకూ లోపలి ఏర్పాటులో పెద్ద తేడా ఉండదు.

నేను చేసిన మావు నది కోసం కాదు, కంకిపాడు దగ్గర మా మేనమామగారి చేపల చెరువు కోసం. ఆయన బొచ్చెలతో, శీలావతులతో పాటు ఆ చెరువులో నీలకంఠ పిల్లను కూడా వదులుతారు. ఈ రొయ్య పెరిగేది మంచినీటిలోనే అయినా దాని గుడ్లు పిగిలి పిల్లలు బతకాలంటే ఉప్పు కలిసిన నీరు కావాలి. అందుకే నదిలో తల్లి రొయ్యలు సముద్రపు పోటు తగిలే చోటికి దిగి వెళ్తాయి, పిల్లలు కాస్త ఎదిగాక తిరిగి ఎగువకు ఎక్కివస్తాయి. బెజవాడ దగ్గర 1855లో పూర్తయిన పాత ఆనకట్ట, తరువాత దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ ఆ దారికి అడ్డంగా నిలిచాయి. చెరువులో వదిలే పిల్ల హేచరీల నుంచి రావలసిందే.

చెరువులో వల లాగకుండా మావు ఎందుకు అనే ప్రశ్న సహజం. మామయ్యనే అడిగితే, "వల లాగితే చేపలు బెదిరి నాలుగు రోజులు మేత ముట్టవురా, బురదంతా పైకి లేస్తుంది" అన్నారు. దానికంటె బలమైన కారణం ఇంకొకటి ఉంది. నీలకంఠ రొయ్యల్లో ఒకే రోజు వదిలిన మగపిల్లలు కూడా ఒకే తీరుగా పెరగవు. కొన్ని పొడవాటి నీలిరంగు కొమ్ములతో, అంటే ముందరి పట్టుకాళ్లతో, పెత్తందారులుగా మారతాయి, కొన్ని నారింజరంగు కొమ్ములతో ఇంకా ఎదిగే దశలో ఉంటాయి, మిగిలినవి చిన్నవిగానే నిలిచిపోతాయి. పెత్తనం చేసే నీలికొమ్ముల మగరొయ్య చెరువులో ఉన్నంత కాలం చిన్నవాటి ఎదుగుదల అణగి ఉంటుంది, దానిని తీసివేస్తే వెనకబడినవి త్వరగా ఎదిగి ఆ స్థానంలోకి వస్తాయి. కనుక తుది పట్టుబడి వరకు ఆగకుండా, పెద్దవాటిని మాత్రం అప్పుడప్పుడూ ఏరి తీయగలిగితే చెరువు మొత్తానికీ లాభమే. పెద్దదాన్ని ఉంచి చిన్నదాన్ని వదిలే పని మావుకు అప్పగించవచ్చు. ఆ పని చేసేది దాని ద్వారం కాదు, గోడల్లోని సందులు. బజారులో దొరికే మడత నైలాను బోనులో వల కన్ను ఎంత ఉంటే అంతే, మనం మార్చలేము. చెక్క మావులో ప్రతి సందునూ మన ఇష్టప్రకారం పెట్టుకోవచ్చు. ఇంత శ్రమ పడి చెక్కతో చేయటానికి నాకు కనిపించిన అసలు కారణం అదే.

చెక్క ఎంపికలో తొందర కూడదు. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్ల పొణికి ఎంత తేలికో, ఎంత సులువుగా తెగుతుందో తెలిసినవారికి దానిమీదకే మనసు పోతుంది. అది బొమ్మకు పనికివచ్చినంతగా నీటి అడుగున ఉండవలసిన వస్తువుకు పనికిరాదు. ప్లైవుడ్ పొరలు పొరలుగా విడిపోతుంది. నేను చట్రానికి ముదురు తాటి మొద్దు వెలుపలి గట్టి భాగం నుంచి చీల్చిన బద్దలనూ, గోడలకు వెదురునూ వాడాను. పాత ఇళ్ల కప్పులు విప్పినప్పుడు తాటి వాసాలు దొరుకుతాయి, అవి కొత్తవాటికంటె మేలు. వెదురును అమావాస్య రోజుల్లో నరికితే పుచ్చదని పెద్దలు చెబుతారు. నేను ఆ లెక్క చూడలేదు గానీ, చీల్చిన బద్దలను కాలువ నీటిలో కొన్నివారాలు నానబెట్టాను. వెదురులోని పిండిపదార్థం నీటిలోకి దిగిపోతే పుప్పిపురుగుకు అందులో తినటానికి పెద్దగా మిగలదు.

చట్రం రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. సందు ఎంత ఉండాలన్నది తేల్చటానికి, వదిలిపెట్టదలచుకున్న పరిమాణంలోని రొయ్యను ఒకదానిని పట్టి, దాని తలగుల్ల అన్నిటికంటె వెడల్పుగా ఉన్న చోట కొలిచి, అంతకంటె రవ్వంత ఎక్కువ మందంతో ఒక చెక్కముక్క చెక్కుకున్నాను. ప్రతి బద్దనూ బిగించేటప్పుడు ఆ ముక్కను మధ్యలో నిలిపి, బిగించాక తీసేస్తే సందులన్నీ ఒకే తీరుగా వస్తాయి. వెదురు బద్దకు నేరుగా మేకు దిగ్గొడితే చీలిపోతుంది, కనుక ముందు చేతి డ్రిల్లుతో బెజ్జం వేయాలి, లేదా మేకు జోలికి పోకుండా పురికొసతో కట్టాలి. నేను రెండూ చేశాను: మూలల దగ్గర మేకులు, మిగతా చోట్ల కట్లు.

ఎక్కువ ఓపిక కావలసినది ద్వారం దగ్గర. బయటివైపు ఆరంగుళాలు, లోపలివైపు రెండంగుళాలు వచ్చేట్టు సన్నని ఈనెలను గరాటులా కూర్చాలి. లోపలి కొసలు కాస్త వంగేంత పలుచగా ఉండాలి, అప్పుడు లోనికి వచ్చే రొయ్య వాటిని తోసుకుని వస్తుంది, తిరిగి వెళ్లబోతే కొసలు ఎదురొస్తాయి. అయితే ఈ కొసలకంటె ముఖ్యమైనది గరాటు చివర ఉన్న ఎత్తు. లోపల చిక్కిన జీవి బయటపడే దారికోసం నేలనూ గోడలనూ పట్టుకుని తిరుగుతుంది, నడిమధ్య గాలిలో వేలాడినట్టున్న రంధ్రం దానికి తగలదు. అందుచేత గరాటు బయట నేలను ఆనుకుని మొదలై, లోపల నేలకు నాలుగంగుళాల ఎత్తున ముగియాలి. బయటి అంచు నేలకు ఆనకపోతే రొయ్య దాని కింద నుంచి పక్కకు వెళ్లిపోతుంది.

పైమూతకు సైకిల్ ట్యూబు ముక్కలు కీళ్లుగా పనికొస్తాయి. మూత కట్టే తాడు మాత్రం నైలానుది కాకుండా జనపనారది వాడటం మంచిది. ఎప్పుడైనా మావు మునిగి కనబడకుండా పోతే, ఆ తాడు కొంతకాలానికి కుళ్లి మూత తెరుచుకుంటుంది, లేకపోతే ఎవరూ తీయని మావు లోపల జీవులు చస్తూనే ఉంటాయి, వాటి వాసనకు మరికొన్ని వస్తూనే ఉంటాయి. కొత్త చెక్క తేలుతుంది గనుక అడుగున రెండు ఇటుకలు కట్టాలి. వార్నిషు, రంగు, పడవలకు పూసే పాత ఇంజనాయిలు లాంటివి ఏవీ దీనికి తగిలించకూడదు. వాసన మీద బతికే జీవిని పట్టబోతూ దాని ముక్కుకు నచ్చనిది పూయటంలో అర్థం లేదు.

రోజూ మేత పడే చెరువులో ఎర ఆ మేతకంటె గట్టిగా వాసన రావాలి. కాల్చిన కొబ్బరి ముక్కలు, నత్తమాంసం, చేప తలకాయ బాగా పనిచేస్తాయి. వేరుశనగ చెక్క త్వరగా కరిగిపోతుంది. ఎరను దోమతెర గుడ్డలో మూటకట్టి మావు నడుమ వేలాడదీయాలి, గోడకు ఆనిస్తే బయటనుంచే పీక్కుతింటాయి.

పొద్దుగూకేటప్పుడు వేసి, తెల్లవారకముందే తీయాలి. ఈ సమయం దగ్గర క్రేఫిష్ బోనుల పద్ధతిని గుడ్డిగా అనుసరించకూడదు. అమెరికాలోని లూసియానా చెరువుల్లో బోనుల తల నీటిపైన నిలిచి ఉంటుంది, నీటిలో ప్రాణవాయువు తగ్గితే క్రేఫిష్ పైకి ఎక్కి తడిగాలి పీల్చుకుని చాలాసేపు బతుకుతుంది. నీలకంఠకు ఆ ఓర్పు లేదు. చెరువులో ప్రాణవాయువు బాగా తగ్గేది తెల్లవారుజామునే, రొయ్యలు గట్టుకు చేరితే రైతు గుండె జారేదీ అప్పుడే. మబ్బుపట్టి ఉక్కపోసిన రాత్రి మావు వేయకపోవటమే మంచిది. ఇంకొక చిక్కు కూడా ఉంది: గుల్ల విడిచి మెత్తగా ఉన్న రొయ్యను మిగిలినవి తినేస్తాయి. మావులో వంకర పెంకు ముక్కలు రెండు మూడు వేస్తే దాక్కోవటానికి చోటు దొరుకుతుంది.

నదిలోనూ కాలువల్లోనూ వేయమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. ప్రభుత్వ చెరువుల్లో చేపలు పట్టే హక్కు సాధారణంగా మత్స్యకార సహకార సంఘాలకు ఉంటుంది, ఏటిలో వలవేసి బతికే కుటుంబాల చోటులో సరదా కోసం దిగటం భావ్యం కాదు. బ్యారేజీ 70 గేట్లలో కొన్ని ఎత్తినా దిగువన మావు నిలవదు. కృష్ణా డెల్టాలో నీటికుక్కలు ఉన్నాయి, తాబేళ్లు ఉన్నాయి, గాలి కోసం పైకి రావలసిన అవి ఇందులో చిక్కితే ఊపిరాడక చస్తాయి. అక్వేరియం దుకాణాల్లో దొరికే విదేశీ క్రేఫిష్‌ను తెచ్చి చెరువులో వదిలితే అదీ పెరుగుతుంది కదా అనే ఆలోచన ఇంకా ప్రమాదం. కెన్యాలోని నైవాషా సరస్సులో 1970లో లూసియానా ఎర్ర క్రేఫిష్‌ను వదిలారు, అది నీటిమొక్కలను మేసి సరస్సు రూపాన్నే మార్చేసింది. గట్లకు బొరియలు తవ్వే ఆ జీవి మన డెల్టా కాలువగట్లలో దిగితే ఏమవుతుందో పొలం ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

పని అయిపోయాక మావును కడిగి నీడన ఆరబెట్టాలి, ఎండలో పెడితే బద్దలు వంకరపోతాయి. తాటి చట్రం చాలాకాలం నిలుస్తుంది, వెదురు బద్దలను మాత్రం మధ్యమధ్య మార్చుకోవలసి వస్తుంది. ఆరిన చెక్క కుదించుకుపోతుంది, తడిసినది ఉబ్బుతుంది, కనుక పొడిగా ఉన్నప్పుడు కొలిచిన సందు నీటిలో ఇరుకవుతుంది. అందుకే మళ్లీ వాడబోయే ముందు ఒక రాత్రంతా నానబెట్టి, ఆ పాత చెక్కముక్కను వరసగా ప్రతి సందులోనూ దూర్చి చూసి, అది పట్టని చోట కట్టు విప్పి బద్దను జరిపి మళ్లీ కడతాను.