నీ క్లాసే వేరు

మన బడి పాత విద్యార్థుల సమ్మేళనం సంచికకు ఏదైనా రాసి పంపమని కార్యవర్గం నుంచి ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. బడి గురించి, మాస్టార్ల గురించి, మనసుకు నచ్చిన ఏ జ్ఞాపకం గురించైనా రాయవచ్చునని అందులో ఉంది. నేను ఒకే ఒక్క మాట గురించి రాయదలచుకున్నాను. అన్నవాడు మనమంతా లాంచీ అని పిలిచే మిత్రుడు, విన్నవాణ్ని నేను. ఆ మాటకు అర్థం తేల్చుకోవడానికి నాకు 36 ఏళ్లు పట్టింది కనుక, ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా గడిచిన నాలుగేళ్లనూ, మామిడితోట వ్యవహారంతో సహా, తక్కిన మిత్రులకు వదిలేస్తున్నాను.

1978లో గ్రూప్ ఫోటో తీయించుకున్న రోజు మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. యూనిఫాం లేకుండా రావడానికి హెడ్మాస్టారు ఒప్పుకున్న రోజు అదొక్కటే. ఆ ఏడాది విశాఖ ఊరంతా బెల్‌బాటం పాంట్లే. జగదాంబ సెంటర్లో నిలబడి చూస్తే కాలి చెప్పు కనిపించిన కుర్రవాడు ఉండేవాడు కాదు. నాకూ అలాంటిదే కావాలని నాన్నను అడిగాను. కురుపాం మార్కెట్ దగ్గరి సందులో నాన్న కొట్టు మీలో చాలామందికి తెలుసు. మీ యూనిఫాంలు కుట్టింది ఆయనే. కొత్త గుడ్డ కొనే వీలు ఆ నెలలో లేదు. నాన్న తన ముదురు నీలం పాంటు ఒకదాన్ని కుట్లు విప్పి, గుడ్డను తిరగేసి, నా కొలతకు కోశారు. నడుముకూ తొడకూ సరిపోయింది గాని, కింద గంటలా విచ్చుకోవడానికి చాలలేదు. అప్పుడాయన పక్క కుట్టును మోకాలి దగ్గర నుంచి అడుగు దాకా తెరిచి, బిస్కెట్ రంగు గుడ్డ ముక్కను త్రికోణంగా కోసి అందులో చేర్చారు. ఆ ముక్క మొన దగ్గర ముడత పడకుండా నిలపడమే కష్టమైన పని. మిషను ఆపి, ఆ నాలుగు పోట్లూ చేత్తో వేసి, సుద్ద గీత దులిపి, తడిగుడ్డ పరిచి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో నొక్కారు. పెట్టె పైకెత్తేసరికి నీలం మధ్య ఆ మొన బాణపు కొసలా నిలిచింది.

ఫోటోకు ముందు లాంచీ నన్ను పైనుంచి కింద దాకా చూశాడు. చూపు మోకాలి దగ్గర ఆగింది. "నీ స్టైలే వేరురా. నీ క్లాసే వేరు" అన్నాడు. అంతలో ఫోటోగ్రాఫరు పిలవడంతో వెనక వరుస బెంచీ ఎక్కేశాడు. ఆ ఫోటోలో నేను రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చోవడానికి కారణం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ ముక్క మొనలు కనబడకూడదనుకున్నాను.

వాడు ఏ సెక్షనో మీకు తెలుసు, నేను బి సెక్షను. కనుక నా క్లాసు వేరన్నది అక్షరాలా నిజమే. మెచ్చుకోలు అనుకుంటే అంతకంటే గొప్ప మెచ్చుకోలు లేదు. కాని ఫిషింగ్ హార్బర్లో సొంత లాంచీ ఉన్న ఇంటి పిల్లవాడు, దర్జీ కొడుకు పాంటుకు వేసిన ముక్కను చూస్తూ అన్న మాట అది. మీ తరగతి మనుషులు వేరు అన్నాడేమోనన్న అనుమానం ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

గొడుగు మాస్టారు సరిగ్గా ఆ వారంలోనే మనకు శ్లేషాలంకారం రెండోసారి చెబుతున్నారు. "రాజు కువలయానందకరుడు" అని బోర్డు మీద రాసి, భూమికి ఆనందం కలిగించే ప్రభువు అన్న అర్థాన్ని తెల్ల సుద్దతో, కలువలకు ఆనందం కలిగించే చంద్రుడు అన్న అర్థాన్ని పసుపు సుద్దతో రాసిన ఆ చేతిరాత నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్లుంది. మర్నాడు సాయంత్రం బడి వదిలాక వరండా మెట్ల దగ్గర ఆయన్ని ఆపి, "మాస్టారూ, ఒకడు ఇంకొకణ్ని నీ క్లాసే వేరు అంటే అది పొగడ్తా, కాదా?" అని అడిగాను. ఎవరు ఎవరినన్నారని ఆయన అడగలేదు. మెట్టు మీద కూర్చుని, గొడుగు ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

ముందు సైంధవం సంగతి చెప్పారు. సింధు దేశంలో పుట్టిన ఉప్పుకూ ఆ పేరే, గుర్రానికీ ఆ పేరే. యజమాని "సైంధవం తే" అంటే, విస్తరి ముందు కూర్చుని ఉన్నాడా, ప్రయాణానికి లేచి నిలబడ్డాడా అన్నది చూసి నౌకరు తేవాలి. ఆ తరువాత కాకువు గురించి చెప్పారు. గొంతులో మార్పును బట్టి మాటకు అర్థం మారిపోవడమే కాకువు. "నువ్వు మాట పట్టుకొచ్చావు నాయనా, గొంతు తేలేదు. గొంతు లేకుండా నేనేం చెప్పను?" అని, ఆ మాటను అన్నవాడు అన్నట్లే అనమన్నారు. అన్నాను. మళ్లీ అనమన్నారు. ఒకసారి "నీ" దగ్గర, ఒకసారి "క్లాసే" దగ్గర, ఒకసారి "వేరు" దగ్గర నా గొంతు బరువెక్కింది. మూడుసార్లూ మూడు మాటలైంది. "ఇవి నువ్వన్న గొంతులు. వాడన్న గొంతు వీటిలో ఏదో నీకు గుర్తుందా?" అని అడిగారు. గుర్తులేదు. నిజానికి నేను వాడి గొంతు వినలేదు, చూపు మాత్రమే చూశాను. లేచి వెళ్లబోతూ ఆయన, "ఇంకో అర్థం మిగిలిపోయింది. చెట్టును నిలబెట్టేదీ వేరే కదా!" అన్నారు. ఆ సాయంత్రం ఆయన నాకోసం ఆరున్నర దాకా ఉన్నారు. తెలుగు మాట మీద నాకు ఇంత పట్టింపు ఏర్పడటానికి ఆ మెట్టే కారణం.

వేసవికి నేను అమ్మమ్మగారి ఊరు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి లాంచీ కాకినాడ పాలిటెక్నిక్‌లో చేరాడు, అక్కడి నుంచి ముంబై వెళ్లాడు. నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసి హిందుస్థాన్ షిప్‌యార్డులో ప్రవేశించాను. 1948లో జల ఉష అనే ఓడ నీళ్లలోకి దిగింది ఆ యార్డు నుంచే. నా ఉద్యోగం మౌల్డ్ లాఫ్ట్‌లో. ఓడ గీతలను అసలు కొలతలోనే నేల మీద గీసి, వాటిని బట్టి నమూనాలు చేసి, ఉక్కు పలకల మీద కోతకు గుర్తులు పెట్టే చోటు అది. వంపు ఉన్న ఒంటికి చదునైన గుడ్డను కోయడమూ, వంపు ఉన్న ఓడకు చదునైన పలకను కోయడమూ ఒకే విద్య అని మొదటి నెలలోనే తెలిసింది. నాన్న సుద్ద పట్టుకున్న తీరులోనే నేనూ పట్టాను. ఆ గీతలన్నీ కంప్యూటరులోకి మారేనాటికి మా విభాగం బాధ్యత నాది. ఇప్పుడు మా అమ్మాయి ఓడల రూపకల్పన చదివి అదే పని తెర మీద చేస్తోంది.

ఈలోగా రెండు పెళ్లిళ్లలో లాంచీ ఎదురుపడ్డాడు. కుశలప్రశ్నలు దాటి మాట్లాడలేకపోయాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కొట్టు పైకప్పు రేకులు లేచిపోయాయి. అప్పటికి నాన్న లేరు. తడిసిన కొలతల పుస్తకాలను ఇంటికి తెచ్చి, కరెంటు లేదు కనుక డాబా మీద ఎండబెట్టి, కాగితానికీ కాగితానికీ మధ్య కొబ్బరి ఈనె పెట్టి ఒక్కొక్కటే విడదీశాను. పెన్సిలు రాత కావడంతో చెరగలేదు. 1978 పుస్తకంలో, ఫోటో తీసిన మూడో రోజు తేదీ కింద, లాంచీ అసలు పేరు కనిపించింది. నడుము 27, పొడవు 39, బాటం 26. దాని దిగువన నాన్న చేతిరాత: "మనవాడి పాంటు మాదిరి. మోకాలి కింద ముక్క వేరు రంగు. గుడ్డ చాలినంత ఉంది, అయినా ముక్క కావాలట."

ఎవరి కొలతలూ ఎవరికీ చెప్పని మనిషి మా నాన్న. నాకూ చెప్పలేదు. ఆ డాబా మీద కూర్చుని ఆ నాలుగు ముక్కలనూ ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. మాస్టారు సందర్భం చూడమన్నారు; నేను చూసిన సందర్భం నా పాంటు గురించి నాకున్న సిగ్గు ఒక్కటే. వాడి గొంతును ఆ సిగ్గులోంచే ఊహించుకుని, ఇన్నేళ్లూ ఒక స్నేహితుణ్ని దూరం పెట్టాను.

లాంచీ, నువ్వు ఈసారి సమ్మేళనానికి తప్పక రావాలి. ఆ పుస్తకం నేను తెస్తున్నాను. ఆ పాంటు వేసుకుని కాకినాడలో ఎక్కడెక్కడ తిరిగావో, ఆ ముక్క చూసి అక్కడివాళ్లు నిన్నేమన్నారో నాకు చెప్పాలి.