ఫ్రీ క్యాంపింగ్‌లో జనరేటర్: ఎన్ని గంటలు, ఎక్కడ, ఎటు తిప్పి

యోసెమిటీ నేషనల్ పార్క్ క్యాంప్‌గ్రౌండ్‌లలో జనరేటర్‌కి వేళలు రాసిపెట్టి ఉంటాయి: పొద్దున 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7. అదే అరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ చుట్టూ ఉన్న బీఎల్‌ఎం (కేంద్ర ప్రభుత్వ భూముల శాఖ) భూముల్లోనో, గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ బయట టుసాయన్ దగ్గరి కైబాబ్ నేషనల్ ఫారెస్ట్‌లోనో పైసా కట్టకుండా దిగారనుకోండి. సైట్ నంబర్ ఉండదు, బోర్డు ఉండదు, చూసుకునే హోస్ట్ ఉండడు. 14 రోజుల వరకు ఉండొచ్చు. జనరేటర్ ఎప్పుడు వేయాలో చెప్పేవాళ్ళెవరూ ఉండరు. లాంగ్ వీకెండ్‌కి ఆర్‌వీ (ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని నాలుగు కుటుంబాలుగా వెళ్ళే మనవాళ్ళు ఎక్కువగా ఇబ్బంది పెట్టేదీ, ఇబ్బంది పడేదీ ఇక్కడే.

చాలామంది గొడవంతా మెషీన్‌తోనే అనుకుంటారు, హోండా జనరేటర్ కొంటే తీరిపోతుందనుకుంటారు. మంచి మెషీన్ కొంత సాయం చేస్తుంది, నిజమే. కానీ పక్కవాళ్ళకి విసుగు పుట్టించేది అది తిరిగే గంటలు. ఆ గంటలు పెరగడానికి కారణం దాదాపు ఎప్పుడూ బ్యాటరీని తప్పు పద్ధతిలో చార్జ్ చేయడమే. అక్కడికి వచ్చేముందు చప్పుడు లెక్క ఒకసారి చూద్దాం.

హోండా ఈయూ2200ఐ మీద 48 నుంచి 57 డెసిబెల్స్ అని ఉంటుంది. పావు లోడ్ మీద 48, పూర్తి లోడ్ మీద 57, రెండూ 7 మీటర్ల దూరంలో, అంటే సుమారు 23 అడుగుల్లో కొలిచినవి. డబ్బా మీద డెసిబెల్ అంకె చూడగానే ఎంత దూరంలో, ఎంత లోడ్ మీద అని చూడాలి. ఆ రెండూ రాయని అంకెని నమ్మొద్దు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి. 23 అడుగుల్లో 57 ఉన్నది 46 అడుగుల్లో 51, 92లో 45, 184 అడుగుల్లో 39. పావు లోడ్ మీదైతే అదే 184 అడుగుల దగ్గర 30కి దిగుతుంది. కన్‌స్ట్రక్షన్ సైట్లలో వాడే ఓపెన్ ఫ్రేమ్ జనరేటర్ లోడ్ ఎంతున్నా నిమిషానికి 3600 చుట్లు తిరగాల్సిందే, లేకపోతే 60 హెర్ట్జ్ కరెంటు రాదు. అది 23 అడుగుల్లో 70 దాకా ఉంటుంది, 184 అడుగుల్లో కూడా 52. ఇన్వర్టర్ జనరేటర్ అయితే లోడ్ తగ్గితే ఇంజన్ వేగం కూడా తగ్గించుకుంటుంది. ఈకో స్విచ్ ఉన్నది అందుకే. కొని కూడా దాన్ని ఆఫ్‌లో ఉంచేవాళ్ళున్నారు!

గాలి లేని ఎడారి రాత్రి పరిసరాల చప్పుడు 30 డెసిబెల్స్ లోపే ఉంటుంది. పైగా రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. కింద చల్లగాలి, పైన వెచ్చటిగాలి ఉన్నప్పుడు పైకి పోవాల్సిన శబ్దం వంగి మళ్ళీ కిందికే వస్తుంది. మధ్యాహ్నం పట్టించుకోని మెషీనే రాత్రి 9 గంటలకు పావుమైలు అవతల వినపడటానికి కారణం ఇది. పగలు చెవి పెట్టి చూసి “ఏమంత చప్పుడు లేదే” అనుకుంటే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు బ్యాటరీ. మామూలు అద్దె ఆర్‌వీలో రెండు లెడ్ యాసిడ్ బ్యాటరీలు కలిపి 200 ఆంపియర్ అవర్స్ (ఒక ఆంపియర్ చొప్పున 200 గంటలు ఇవ్వగల నిల్వ) అనుకుందాం. వాటిలో వాడుకోదగ్గది సగం, 100. చలికాలం రాత్రి బండిని వెచ్చబరిచే గ్యాస్ ఫర్నేస్ ఫ్యాన్ 8 ఆంపియర్లు లాగుతుంది. 12 గంటల్లో సగం సేపు తిరిగితే 48 ఆంపియర్ అవర్స్. లైట్లు, వాటర్ పంపు, ఫోన్లు, ఫ్రిజ్ బోర్డు కలిపి ఇంకో 20. తెల్లారేసరికి బ్యాటరీ 65 శాతం దగ్గర ఉంటుంది. కంగారుపడాల్సింది ఏమీ లేదు.

పొద్దున 8 దాటాక జనరేటర్ వేస్తే 55 ఆంపియర్ల కన్వర్టర్ (జనరేటర్ కరెంటుతో బ్యాటరీని చార్జ్ చేసే, బండిలోని పరికరం) మొదట్లో 45, 50 ఆంపియర్లు ఎక్కిస్తుంది. ముప్పావు గంట, గంటలో బ్యాటరీ 85 శాతం దాకా వస్తుంది. అక్కడి నుంచి లెడ్ యాసిడ్ బ్యాటరీ తీసుకునే కరెంటు తగ్గుతూ పోతుంది. మిగతా 15 శాతం నిండటానికి నాలుగైదు గంటలు పడుతుంది. మీరు ఎంత పెద్ద జనరేటర్ పెట్టినా అది తొందరపడదు, దాని రసాయనం అంతే. ఆ నాలుగు గంటలు 2000 వాట్ల ఇంజన్ 150, 200 వాట్ల పనికోసం హోరెత్తుతూ ఉంటుంది. చీకటి పడేదాకా ఆగకుండా నడిచే జనరేటర్ల అసలు కథ ఇదే.

అందుకే ముందు భాగం జనరేటర్‌కి, తోక భాగం ఎండకి వదిలేయాలి. 200 వాట్ల మడత సోలార్ ప్యానెల్ ఒకటి సూర్యుడి వైపు వంచి పెడితే నడిమధ్యాహ్నం 8 నుంచి 10 ఆంపియర్లు ఇస్తుంది. చివరి దశలో బ్యాటరీ అడిగేది కూడా సుమారు అంతే. పొద్దున గంటసేపు జనరేటర్, ఆపైన ప్యానెల్, సాయంత్రానికి బ్యాటరీ నిండుతుంది. మబ్బు పట్టిన రోజు సాయంత్రం 4 తర్వాత ఇంకో గంట వేయండి. జనం చలిమంట చుట్టూ కూర్చునే వేళకి మాత్రం అది ఆగిపోయి ఉండాలి.

ఈ పద్ధతి బెడిసికొట్టే చోట్లు నాలుగున్నాయి.

పాత కన్వర్టర్లు ఎప్పుడూ 13.6 వోల్టుల దగ్గరే ఆగిపోతాయి. జనరేటర్ వేసిన పావుగంటకి బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడండి. అంకె 14 దాటి 14.4 వైపు ఎక్కుతుంటే మంచిది. 13.6 దగ్గర కూర్చుంటే గంటలో అయ్యే పని మూడు గంటలవుతుంది. అప్పుడు మూడు దశల పోర్టబుల్ చార్జర్, 40 ఆంపియర్లది, జనరేటర్‌కి తగిలించి నేరుగా బ్యాటరీకి కలపడం నయం. రెండోది, కొన్ని చిన్న జనరేటర్ల మీద 12 వోల్టుల సాకెట్ ఉంటుంది కదా, దాన్ని చూసి మోసపోవద్దు. అది ఇచ్చేది 8 ఆంపియర్లు. దానితో చార్జ్ చేస్తే రోజంతా గోలే.

మూడోది లిథియం. ఇది నిండేదాకా పూర్తి కరెంటు తీసుకుంటుంది, 100 ఆంపియర్ అవర్స్ రెండు గంటల పని. కానీ సున్నా డిగ్రీల సెల్సియస్ కింద లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని చార్జ్ చేయకూడదు, లోపలి రక్షణ సర్క్యూట్ అడ్డుకుంటుంది. టుసాయన్ దగ్గర నవంబర్ పొద్దున బయటి పెట్టెలో బ్యాటరీ గడ్డకట్టి ఉంటే రెండు గంటలు జనరేటర్ తిప్పినా ఒక్క ఆంపియర్ ఎక్కదు. పెట్రోలు పోయింది, పక్కవాళ్ళ నిద్ర పోయింది. బ్యాటరీ లోపల ఉండాలి, లేదంటే ఎండ ఎక్కేదాకా ఆగాలి.

నాలుగోది అద్దె బండ్లలో కనిపిస్తుంది. బ్యాటరీ వోల్టేజ్ పడిపోగానే జనరేటర్ దానంతటదే స్టార్ట్ అయ్యే ఏర్పాటు కొన్నిట్లో ఉంటుంది. రాత్రి 2 గంటలకు అది మొదలైతే మొదట లేచేది మీరు కాదు, పక్క టెంట్‌లో పడుకున్నవాళ్ళు. బండి తీసుకునేటప్పుడే దాన్ని ఎలా ఆపాలో అడిగి తెలుసుకోండి. ఈ బండ్లలో ఉండే ఓనన్ 4000 లాంటి బిల్టిన్ జనరేటర్ చిన్న హోండా కంటే చాలా గట్టిగా మోగుతుంది, జరపడానికీ వీలుండదు. అందుకని బండి పార్క్ చేసేటప్పుడే దాని పొగగొట్టం ఎటుందో చూసి, ఆ వైపు ఖాళీ నేలకి తిప్పి ఆపాలి. ఇవి బండి పెట్రోల్ ట్యాంక్ నుంచే తాగుతాయి, ట్యాంక్ పావు వంతుకి రాగానే ఆగిపోతాయి. పాడైందని కంగారుపడొద్దు, మీరు ఊరు చేరడానికి పెట్రోలు మిగలాలని అలా కట్టారు.

వంట దగ్గర మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉంది. ఇండక్షన్ పొయ్యి 1800 వాట్లు, ఇన్‌స్టంట్ పాట్ 1000, రైస్ కుక్కర్ 600 పైన. 1000 వాట్లని రాసిన మైక్రోవేవ్ గోడ నుంచి లాగేది సుమారు 1500. వీటిలో ఏది పెట్టినా జనరేటర్ ఈకో వేగం వదిలి అరుస్తుంది, అదీ సరిగ్గా అందరూ ప్రశాంతంగా కూర్చున్న రాత్రి 8 గంటలకి. బండిలో ప్రొపేన్ పొయ్యి ఉంది కాబట్టి ఇంటి నుంచి ప్రెషర్ కుక్కర్ తెచ్చుకోండి. 7000 అడుగుల ఎత్తులో నీళ్ళు సుమారు 93 డిగ్రీలకే మరుగుతాయి, మూత లేని గిన్నెలో కందిపప్పు ఎంతకీ ఉడకదు. కుక్కర్ ఎలాగూ కావాల్సిందే. దాని విజిల్ కూడా చప్పుడే, కాకపోతే మూడు విజిళ్ళతో సరిపోతుంది. పచ్చళ్ళు, అల్లం వెల్లుల్లి ముద్ద ఇంట్లోనే నూరి కూలర్‌లో పెట్టుకుంటే మిక్సీ అవసరమే రాదు. తప్పనిసరైతే పొద్దున బ్యాటరీ చార్జ్ అయ్యే ఆ గంటలోనే కానిచ్చేయండి. అప్పుడూ కన్వర్టర్ ఒక్కటే 1000 వాట్ల దాకా లాగుతుంటుంది కాబట్టి, మిక్సీ తిప్పే ఆ రెండు నిమిషాలు ఇంకేదీ పెట్టకుండా ఉంటే చాలు.

ఇక ఎక్కడ పెట్టాలి. తమకి వినపడకూడదని 50 అడుగుల తీగ లాగి, జనరేటర్‌ని తమ బండికీ పక్కవాళ్ళ బండికీ సరిగ్గా మధ్యలో పెట్టేవాళ్ళుంటారు. మన వాకిలి చెత్త పొరుగింటి గడపలోకి ఊడ్చినట్టు ఉంటుంది అది. మీ బండినే గోడలా వాడుకోండి. పక్కవాళ్ళు ఒకవైపు ఉంటే జనరేటర్ రెండోవైపు, పొగగొట్టం ఖాళీ దిక్కుకి. మీ తలుపుకి, కిటికీలకి కనీసం 20 అడుగుల దూరం, గాలి పొగని మీ వైపు గానీ ఎవరి టెంట్ వైపు గానీ తోయకుండా. పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, కాబట్టి లోపలి అలారం పనిచేస్తోందో లేదో పడుకునేముందు దాని బటన్ నొక్కి చూడండి. తీగ 12 గేజ్ కంటే సన్నగా ఉండకూడదు. ఇంట్లో వాడే సన్నటి 16 గేజ్ తీగ వేడెక్కుతుంది, వోల్టేజ్ పడిపోతుంది.

పికప్ ట్రక్ వెనక రేకు మీదో, ట్రెయిలర్ బంపర్ మీదో జనరేటర్ పెడితే ఆ రేకంతా డప్పులా మోగుతుంది. నేల మీద, ముప్పావు అంగుళం మందం రబ్బరు చాప మీద, సమతలంగా పెట్టండి. వాలుగా ఉంటే నూనె తక్కువైందని సెన్సార్ పొరబడి ఇంజన్‌ని ఆపేస్తుంది. చుట్టూ ఎండుగడ్డి ఉంటే కనీసం 3 అడుగులు శుభ్రం చేయాలి. నేషనల్ ఫారెస్ట్‌లో నిప్పురవ్వలు ఆపే జాలీ సైలెన్సర్‌లో ఉండాల్సిందే. దాన్ని 100 గంటలకోసారి విప్పి బ్రష్‌తో మసి దులపాలి. మసి పట్టిన జాలీతో మెషీన్ బలం తగ్గుతుంది, చప్పుడూ మారుతుంది.

అడ్డుగోడ కావాలంటే అర అంగుళం ప్లైవుడ్ రెండు ముక్కలు, ఒక్కోటి 2 అడుగులు × 3 అడుగులు, మడతబందులతో పుస్తకంలా కలిపి లోపలివైపు రబ్బరు అతికించండి. పక్కవాళ్ళ వైపు, మెషీన్‌కి 3 అడుగుల దూరంలో నిలబెట్టండి. మెషీన్ కనపడకుండా అడ్డుపడితే 5 డెసిబెల్స్ పైనే తగ్గుతుంది. నాలుగువైపులా మూసి పెట్టెలా మాత్రం చేయొద్దు, వేడికి పోతుంది. దుప్పటి కప్పడం నిప్పుతో చెలగాటమే. పొగగొట్టానికి కారు సైలెన్సర్ వెల్డ్ చేసే వీడియోలు చాలా తిరుగుతున్నాయి. ఆ బరువు ఊగి ఊగి ఇంజన్ బోల్టులు విరుగుతాయి.

ఏసీ గురించి రెండు మాటలు. 13,500 బీటీయూ ఏసీ తిరిగేటప్పుడు 1300 నుంచి 1500 వాట్లు, స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి రెండు మూడింతలు లాగుతుంది. స్టార్టింగ్ లాగుడుని తగ్గించే సాఫ్ట్ స్టార్టర్ లేకుండా చిన్న జనరేటర్ ఆ దెబ్బ తట్టుకోదు. ఎత్తు పెరిగే ప్రతి 1000 అడుగులకీ బలం సుమారు 3.5 శాతం తగ్గుతుంది, 1800 వాట్ల మెషీన్ 7000 అడుగుల దగ్గర 1350 పైచిలుకు మాత్రమే. ఆ ఎత్తులో ఏసీ అక్కర్లేదనుకోండి. క్వార్ట్‌జ్‌సైట్‌లో మే నెలలో ఏసీ కావాలి, అది రాత్రంతా తిరగాలి. అలాంటప్పుడు ఫ్రీ క్యాంపింగ్ మానేసి కరెంటు కనెక్షన్ ఉన్న పార్క్‌కి డబ్బు కట్టడమో, ఎత్తులో చల్లగా ఉండే ఫ్లాగ్‌స్టాఫ్ వైపు ఎక్కడమో చేయాలి. మూడో దారి లేదు.

దిగేటప్పుడే ఇతరులకి కనీసం 200 అడుగుల దూరంలో దిగండి. చీకటిపడ్డాక చేరితే ఆ రాత్రికి జనరేటర్ వేయకండి, ఎవరెక్కడ పడుకున్నారో కనపడదు. క్వార్ట్‌జ్‌సైట్‌లోనే డబ్బు కట్టి నెలల తరబడి ఉండే లా పోసా ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిశ్శబ్ద వేళ. ఫ్రీ భూముల్లో కూడా జనం అదే ఆశిస్తారు. రాత్రి 8 లోపే ముగించి, పొద్దున 8కి మొదలుపెడితే ఎవరూ ఏమీ అనరు.

పక్కవాళ్ళ జనరేటర్ ఆగకపోతే రాత్రిపూట టార్చ్ పట్టుకుని వెళ్ళి తలుపు కొట్టకండి. ఊరికి దూరంగా, చీకట్లో అది ఎవరికైనా భయమే. పగలు వెళ్ళి “ఆపండి” అనకుండా “రోజూ ఏ టైమ్‌కి వేస్తారు?” అని అడగండి. చాలామందికి అది వినపడుతోందనే తెలియదు, వాళ్ళు లోపల టీవీ పెట్టుకుని ఉంటారు. కొందరు నిద్రలో ఊపిరికి సీపాప్ మెషీన్ వాడతారు, దానికోసమే రాత్రంతా వేస్తామంటారు. అలాంటివాళ్ళకి పనికొచ్చే సమాచారం ఒకటుంది: హ్యుమిడిఫయర్, వేడి గొట్టం ఆపేసి, ఇన్వర్టర్ లేకుండా 12 వోల్టుల అడాప్టర్‌తో నడిపితే సీపాప్ చాలా తక్కువ లాగుతుంది, 100 ఆంపియర్ అవర్స్ బ్యాటరీ రాత్రంతా మోస్తుంది. ఆ అడాప్టర్ కంపెనీని బట్టి మారుతుంది, బయల్దేరేముందే తెప్పించుకోవాలి.