కాలివేళ్లు గడ్డకట్టాక

కెనడా ఉత్తరాన గ్రేట్ స్లేవ్ సరస్సు తూర్పు పాయ ఒడ్డున లుట్సెల్ కే అనే ఊరుంది, అక్కడి ఆదివాసులైన డెనే జనం ఊరు. జనం మూడొందల మంది, కాస్త అటూ ఇటూ. రోడ్డు లేదు. ఎల్లోనైఫ్ నుంచి చిన్న విమానంలో రావాలి, చలికాలమైతే సరస్సు మీదుగా స్కిడూలో, అంటే మంచు మీద నడిచే మోటారు బండిలో రావచ్చు.

అక్కడ నా కుడికాలి వేళ్లు గడ్డకట్టడానికి అసలు కారణం నీళ్లు. మైనస్ 35 డిగ్రీల్లో నీళ్లెక్కడివంటారా? సరస్సు గడ్డ మీద మంచు మందంగా పేరుకుంటే ఆ బరువుకి గడ్డ కుంగుతుంది, పగుళ్లలోంచి నీరు పైకి ఉబుకుతుంది. పైనున్న మంచు చలిని అడ్డుకుంటుంది కాబట్టి ఆ నీరు రోజుల తరబడి గడ్డకట్టదు. చూడ్డానికి అంతా తెల్లగా ఒక్కలాగే ఉంటుంది. దీన్ని ఓవర్‌ఫ్లో అంటారు. స్కిడూ అందులో పడితే వేగం తగ్గించకుండా దాటేయాలి. ఆగితే ట్రాక్‌కి, అంటే బండి కింది బెల్టుకి పట్టిన నీటిమంచు బిగుసుకుపోతుంది, ఇక తవ్వి తీయాల్సిందే. మాది ఆగింది. దిగి తోసేసరికి చీలమండ దాకా తడిసింది.

నాతో ఉన్న డెనే పెద్దాయన "తుడవకు, పొడిమంచులో దొర్లించు" అన్నారు. అంత చలిలో తాజా మంచులో తడి ఉండదు. కాలు అందులో పెట్టి దొర్లిస్తే పైనున్న నీటిని పీల్చేస్తుంది, తర్వాత దులిపితే రాలిపోతుంది. మేం వేసుకునేవి మక్లక్‌లు, అంటే మూస్ అనే పెద్ద జింక తోలుని పొగబెట్టి కుట్టిన మెత్తటి బూట్లు, లోపల మేజోళ్లలాంటి మందపాటి ఊలు లైనర్లు. పొడిచలికి వాటిని మించినవి లేవు, చెమట నిలవనివ్వవు. నీళ్లకి మాత్రం ఆగవు. లైనర్ మార్చేలోపే మంట తగ్గి వేళ్లు మొద్దుబారాయి. ఇక్కడే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు, నిజానికి భయపడాల్సింది అప్పుడే. వేళ్లు పాలిపోయి, నొక్కినా లొంగనంత గట్టిపడ్డాయి.

దగ్గర్లో పొయ్యి ఉన్న క్యాబిన్ ఉంది. అయినా కాలు అక్కడ కరిగించలేదు. కరిగిన వేళ్లు దారిలో మళ్లీ గడ్డకడితే మొదటిదానికంటే ఎక్కువ పాడవుతాయి. పైగా కరిగిన కాలితో నడవకూడదు. ఊరు చేరగలమనుకుంటే గడ్డకట్టినట్టే ఉంచి, పొడి లైనర్ వేసి, చేరాక ఒక్కసారే కరిగించాలి. రుద్దడం, మంట దగ్గర పెట్టడం రెండూ తప్పే. స్పర్శ లేదు కాబట్టి కాలినా తెలీదు.

హెల్త్ సెంటర్లో నర్సు ముందు 400 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ ఇచ్చింది. తర్వాత పెద్ద బేసిన్లో 37 నుంచి 39 డిగ్రీల నీళ్లు. చేత్తో చూస్తే సరిపోదు, థర్మామీటర్ ఉండాలి. కాలు పెట్టగానే నీళ్లు చల్లారిపోతాయి, అందుకని వేడినీళ్లు కాలి మీద పడకుండా పక్కనుంచి కలుపుతూ ఉండాలి. వేళ్లు బేసిన్‌కి తగలకూడదు. ఎర్రగానో ఊదాగానో మారి మెత్తబడేదాకా, అంటే దాదాపు అరగంట. ఆ అరగంట నొప్పి గురించి ఎవరూ తక్కువ చేసి చెప్పకూడదు. గట్టి మందే అడగండి.

వేళ్లు పోయేదీ నిలిచేదీ చాలావరకు కరిగాకే తేలుతుంది. గడ్డకట్టినప్పుడు సన్నని రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. రక్తం తిరిగి పారగానే అక్కడ గడ్డలు కట్టి దారి మూసుకుపోతుంది. ఐబుప్రొఫెన్ నొప్పికే కాదు, ఆ నాళాల దగ్గర వచ్చే వాపును తగ్గించడానికి కూడా. నాది రెండో గ్రేడు, వేళ్ల చివరి కణుపు దాకానే. అంతకంటే పైకి పాకితే ఐలోప్రోస్ట్ అనే మందు నరంలోకి రోజుకి ఆరు గంటల చొప్పున ఎక్కిస్తారు. కెనడాలోనే యూకాన్ ప్రాంతంలోని వైట్‌హార్స్ వైద్యులు దీన్ని వాడిన అనుభవాన్ని 2016లో ప్రచురించారు. కరిగించాక 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. విమానం వాతావరణం మీద ఆధారపడే ఊళ్లలో ఈ గడువు ఎక్కువేం కాదు, అందుకే డాక్టరుకి ఫోన్ వెంటనే వెళ్లాలి.

టెటనస్ ఇంజెక్షన్, వేళ్ల మధ్య పొడి గాజ్ గుడ్డ, వదులు కట్టు, కాలు దిండు మీద ఎత్తుగా. నీటి బొబ్బల్ని నర్సు తీసింది, రక్తం నిండిన వాటిని ముట్టుకోలేదు. రోజుకి రెండుసార్లు ఏదైనా తిన్నాక ఐబుప్రొఫెన్. సిగరెట్ పూర్తిగా బంద్, అది రక్తనాళాల్ని బిగిస్తుంది. పక్కింటివాళ్లు కారిబూ జింక మాంసం పులుసు తెచ్చారు, స్ప్రూస్ చెట్టు జిగురు కొవ్వులో కాచిన లేపనం కూడా. పచ్చిపుండు మీద రాయొద్దని నర్సు చెబితే చర్మం మూసుకున్నాక పగుళ్లకి వాడాను, మెత్తబడింది.

చివర్లు నల్లబడితే కంగారు పడి కోయించుకోవద్దు. ఏది బతికిందో తేలడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. నాకు నల్లపొక్కు దానంతటదే ఊడి, కింద గులాబీరంగు చర్మం వచ్చింది. బొటనవేలి గోరు పోయింది, పూర్తిగా రావడానికి ఏడాది పైనే పడుతుంది.

దెబ్బతిన్న వేళ్లకి చలి తొందరగా తగులుతుంది, ఏళ్ల తరబడి ఇంతే. ఇప్పుడు ఒక సైజు పెద్ద మక్లక్‌లే, బిగుతైతే రక్తం అందదు. విడి లైనర్లు ఒక జత స్లెడ్ పెట్టెలో, మరో జత చొక్కా లోపల. పెట్టెలోవి వేసుకునేసరికి అవీ మంచుగడ్డల్లాగే ఉంటాయి.