సైడ్ చివరి పాట

మా ఇంట్లో ఏ ఎల్‌పీ రికార్డు పెట్టినా మొదటి పాట హాయిగా మొదలయ్యేది. ముల్లు లేబుల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం గాయని ‘స’, ‘శ’ పలికిన చోటల్లా బుస్సుమని, గుడ్డ చిరిగినట్టు వినిపించేది. "ప్లేటు అరిగిపోయిందమ్మా" అనేవారు నాన్న. ఆయన ఇప్పటికీ రికార్డు అనరు, ప్లేటే అంటారు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య ఏరుకుని, చిక్కడపల్లికి సైకిల్ మీద తెచ్చుకున్నవి. ప్రతి అట్ట వెనకా కొన్న తేదీ ఉంటుంది.

అరుగుదలే అయితే అన్నింట్లోనూ సరిగ్గా చివరి పాటే ఎందుకు అరగాలి? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

స్కేలు పెట్టి కొలిచి లెక్క వేశాను. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే 12 అంగుళాల రికార్డులో, అంచు దగ్గర సెకనుకు 50 సెంటీమీటర్ల గాడి ముల్లు కింద నుంచి పోతుంది. లేబుల్ దగ్గర 21 సెంటీమీటర్లే. అంత సంగీతమూ సగం కన్నా తక్కువ జాగాలో ఇరుక్కోవాలి. పాటను మోసే గాడి మెలికలు దగ్గర దగ్గరగా పడతాయి. ముల్లు కొస మందంగా ఉంటే వాటిలోకి దిగలేదు.

మా రికార్డు ప్లేయర్ ఆడియో టెక్నికా ఎల్‌పీ120ఎక్స్. ముల్లు కదలికను కరెంటుగా మార్చే చిన్న డబ్బీ కార్ట్రిడ్జ్; దానితో వచ్చింది వీఎం95ఈ, ముల్లు ఎలిప్టికల్, అంటే కొస కోలగా ఉండే రకం. ఫోన్ చేసి అడిగితే అందరూ ఒకటే సలహా: మూవింగ్ కాయిల్, అంటే ముల్లుతో పాటు తీగచుట్ట కదిలే రకం కార్ట్రిడ్జ్, కొనేయండి. అందులో చాలావాటి అవుట్‌పుట్ అర మిల్లీవోల్టు లోపే. నాది మూడు నాలుగు మిల్లీవోల్టులు ఇచ్చే మూవింగ్ మాగ్నెట్, అంటే అయస్కాంతం కదిలే రకం. ప్లేయర్ లోపల ఉన్న ప్రీయాంప్, అంటే ఆ సన్నటి సిగ్నల్‌ను పెంచే సర్క్యూట్, దీనికోసం చేసిందే. మూవింగ్ కాయిల్ కొంటే వేరే ప్రీయాంప్ కూడా కొనాలి, పైగా ముల్లు విరిగితే మనం మార్చుకోలేం. నాన్నకు చేతులు వణుకుతాయి. ఆయన స్వయంగా పెట్టుకుని వినలేని వస్తువు నాకెందుకు?

వీఎం95 వరుసలో నాకు నచ్చింది ఒకటే. కార్ట్రిడ్జ్ ఒళ్లు అలాగే ఉంచి, ముందున్న ముల్లు లాగేసి ఇంకోటి తొడగొచ్చు. మిగిలింది ముల్లు కొస ఆకారం షిబాటానా, మైక్రోలీనియరా అన్న తర్జనభర్జన. దానికే రెండు వారాలు పట్టింది. రెండూ గాడి గోడను సన్నగా, నిలువునా పట్టుకునేవే. కంపెనీ చెప్పే ఆయుష్షు ఎలిప్టికల్‌కి 300 గంటలు, షిబాటాకి 800, మైక్రోలీనియర్‌కి 1000. రోజూ సాయంత్రం రెండు సైడ్లు వినే ఇల్లు మాది. మైక్రోలీనియర్ ధర పాత ముల్లుకు రెండింతలు దాటినా, గంటల లెక్కన అదే చవక.

డబ్బు కట్టే ముందు మాత్రం ఒక పని చేసి తీరాలి. ప్లేయర్ చేయి చివర కార్ట్రిడ్జ్ బిగించే హెడ్‌షెల్‌లో అది సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి. నేను నల్లకుంటలో జిరాక్స్ షాపులో ఆ కోణం చూసుకునే గీతల కాగితం, ప్రొట్రాక్టర్, ప్రింటు తీయించాను. ఇంటికొచ్చి స్కేలుతో కొలిస్తే 100 మిల్లీమీటర్ల గీత 97 ఉంది! కాగితానికి సరిపడా కుదించి ప్రింటు చేశారు. మళ్లీ వెళ్లి అసలు సైజులో తీయించి, కొలిచి, అప్పుడు పెట్టి చూశాను. కార్ట్రిడ్జ్ కాస్త వంకరగా ఉంది, దాదాపు 2 మిల్లీమీటర్లు వెనక్కి ఉంది. స్క్రూలు వదులు చేసి జరిపి, ముల్లు రికార్డు మీద మోపే బరువు 2 గ్రాములకు సరిచేశాను. ఆ బుసలో సగం ఆ రాత్రే పోయింది. కొత్త ముల్లు కొన్నా ఈ వంకర సరిచేయకపోతే డబ్బు దండగయ్యేది, ఎందుకంటే మైక్రోలీనియర్ కోణం తేడాని ఎలిప్టికల్ అంత ఓర్చుకోదు.

ముల్లు వచ్చిన రోజు నాన్నకు చెప్పకుండా తొడిగాను. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ తెచ్చి, అటక మీద బూజు పట్టిన రికార్డు కడిగి ఆరబెట్టాను. మొదటి పాటలో పెద్ద తేడా ఏమీ లేదు, కాస్త చప్పుడు తగ్గిందంతే. రెండో సైడ్ చివరి పాట వచ్చింది. ‘శరణు’ అన్న మాట అచ్చం మనిషి నోట విన్నట్టు వచ్చింది. వెనక వీణ ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. నాన్న కళ్లు తెరిచి, "ఇది అరగలేదా?" అన్నారు.

అన్నీ బాగుపడలేదు. పాత రేడియోగ్రామ్‌లో, ఐదారు గ్రాముల బరువు మోపే ముల్లు కింద ఏళ్ల తరబడి తిరిగిన మూడు రికార్డుల గోడలు నిజంగానే తెగిపోయాయి. వాటికి ఏ ముల్లూ మందు కాదు. ఇక నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం రికార్డులను ఈ ముల్లుతో ముట్టుకోకూడదు. వాటి గాడి చాలా వెడల్పు, కొస అడుగున ఆడుతుంది. ఇదే కార్ట్రిడ్జ్ ఒంటికి తొడిగే 3 మిల్ (అంగుళంలో వెయ్యింట మూడు వంతులు) ముల్లు వేరే ఉంది, సంక్రాంతికి తెప్పిస్తాను. లక్కతో చేసిన ఆ పాతవాటిని స్పిరిట్‌తో తుడిచారంటే కరిగిపోతాయి, జాగ్రత్త.

వెయ్యి గంటలంటే సైడ్‌కి 20 నిమిషాల చొప్పున 3000 సైడ్లు. ఆ లెక్క నాన్నే చూసుకుంటున్నారు. పాత డైరీలో, సైడ్ అయిన వెంటనే ఒక గీత. నిన్న రాత్రికి 41 అయ్యాయి.