లాభం ఉన్నా మూతపడే వ్యాపారాలు

సొంతంగా వ్యాపారం మొదలుపెట్టినవారు పని చేతకాకనే మూసేస్తారనుకోవడం పొరపాటని నా అభిప్రాయం. అమెరికా ప్రభుత్వ కార్మిక గణాంకాల ప్రకారం కొత్త సంస్థల్లో దాదాపు 20 శాతం మొదటి ఏడాదిలోనే, సుమారు సగం ఐదేళ్లలోపే మూతపడుతున్నాయి (అన్నీ నష్టాల వల్లనే కాదు, కొందరు ఉద్యోగానికి వెళ్లిపోతారు).

లెక్కల పుస్తకంలో లాభం కనిపిస్తూనే గల్లాపెట్టె ఖాళీగా ఉండటం నేను స్వయంగా అనుభవించాను. సరుకు ఇచ్చినవారికి 30 రోజుల్లో చెల్లించాలి, కొన్నవారేమో 60 రోజులకు గానీ ఇవ్వరు. మధ్యలోని ఆ 30 రోజులను సొంత సొమ్ముతోనో అప్పుతోనో నెట్టుకురావాలి కనుక, అమ్మకాలు రెట్టింపైతే ఆ లోటు కూడా రెట్టింపవుతుంది. ఆర్డర్లు బాగా పెరిగిన నెలలోనే అద్దె కట్టలేక తల పట్టుకుని కూర్చున్నాను.

తన శ్రమకు జీతం లెక్కగట్టకుండా ధర నిర్ణయించడం మరో పొరపాటు. ఆ ధర చూసి వచ్చినవారు పెంచగానే వెళ్లిపోతారు, పెంచకపోతే సహాయకుణ్ణి పెట్టుకోలేం. ఆదాయంలో సగానికి పైగా ఒక్క ఖాతాదారు నుంచే వస్తుంటే దాన్ని నేను వ్యాపారమనను, సెలవుల్లేని ఉద్యోగమంటాను. నిలదొక్కుకున్నవారిలో ఎక్కువమంది, నేను గమనించినంతలో, బిల్లు గడువు దాటిన మర్నాడే మొహమాటపడకుండా ఫోన్ చేసి అడుగుతారు.